మచ్చల మావయ్య

గులాబీని గీయమంటే దానికి పట్టిన తెగులును కూడా గీసిచ్చే చిత్రకారుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆయన మచ్చల మావయ్య. పువ్వు ఎంత నిండుగా విచ్చుకోనీ, రేకు అంచున నీటిబొట్టు ఎంత ముద్దుగా నిలబడనీ, పక్కనున్న ఆకుల్లో ఒకదాని మీద చింతగింజంత నల్లమచ్చ పడి తీరవలసిందే. అది పడేదాకా బొమ్మ పూర్తి కాదు. బొమ్మ పూర్తయ్యేదాకా ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడడు. అందుకని మచ్చ పడిందన్న కబురు తెలిస్తే ఆయన ఉద్యోగం చేసే గులాబీల పరిశోధన తోటలో పనిచేసే వాళ్ళందరూ హమ్మయ్య అనుకునేవారు.

ఆయనకు అసలు పేరొకటి ఉంది. అది ఆయన గది తలుపుకు కొట్టిన చెక్కపలక మీద ఉంది. ఎవరో కొంటె మనిషి ఒకరోజు ఆ పేరు పక్కన కూడా ఒక నల్లచుక్క పెట్టి పోయారు. మావయ్య దాన్ని తుడవలేదు. కళ్ళజోడు సవరించుకుని చూసి, అంచులు సరిగ్గా రాలేదని సన్న కుంచెతో దిద్దాడు.

నిజానికి ఆయన ఒక్క మనిషికే మావయ్య. ఆయన అక్క కూతురు అదే తోటలో పుస్తకాలు అచ్చు వేయించే విభాగానికి సంపాదకురాలు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆమె నలుగురిలో నోరు జారి "మావయ్యా" అని పిలిచింది. అంతే, కాపలావాడి దగ్గర్నుంచి డైరెక్టరు గారి దాకా అందరూ అదే వరస కలిపేసుకున్నారు. మేనకోడలు ఆ రోజు పడ్డ సిగ్గు ఆ రోజుతో పోలేదు. మావయ్య ఎక్కడుంటే అక్కడ ఆమెకు ఏదో ఒక సిగ్గు సిద్ధంగా ఉండేది.

సిగ్గేస్తే ఆమెకు బుగ్గలు కాదు, చెవులు ఎర్రబడతాయి. మావయ్యకు అది కన్నుల పండుగ. తోటలో ఉత్తరపు గోడ పక్కన ఒక ముదురెరుపు గులాబీ ఉంది. దాని రంగు ఆయనకు ముప్పై మూడేళ్లుగా చిక్కలేదు. రెండు ఎరుపులు కలిపితే గోధుమరంగులోకి పోయేది, ఒకటి తగ్గిస్తే వంకాయ రంగులోకి దిగేది. పదిమందిలో మేనకోడలి చెవులు ఎర్రబడ్డాయంటే చాలు, మావయ్య తల పక్కకు వంచి, ఒక కన్ను మూసి, ఆ చెవులకేసి పరీక్షగా చూసేవాడు. "ఆ ఎరుపు దుకాణాల్లో దొరకదమ్మా, నీ దగ్గరే ఉంది" అనేవాడు అందరికీ వినబడేలా. ఆమె జుట్టు లాగి చెవుల మీద కప్పుకునేది. దాంతో మెడ కూడా ఎర్రబడేది.

అలాగని ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు. కోసి తెచ్చిన గులాబీ మూడు రోజులకు మించి నిలవదు కనుక ముందు పువ్వును గీసేవాడు, ఆ తరవాత మొగ్గను, చివర్న ఆకులను. రేకు పొడవును రెండు కాళ్ళ కొలముల్లుతో కొలిచి కాగితం మీద గుచ్చేవాడు. పువ్వు కిందుండే ఐదు రక్షక పత్రాల్లో రెండింటికి రెండు పక్కలా కుచ్చులుంటాయి, రెండింటికి ఏ పక్కా ఉండవు, మిగిలిన ఒక్కదానికి ఒక పక్కే ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా గులాబీని గీసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. గోడల మీద, క్యాలెండర్ల మీద, చీరల మీద ఎక్కడ గులాబీ కనబడినా వెనక్కి తిప్పి కుచ్చులు చూసేవాడు. చీర కట్టుకున్నవాళ్ళు ఏమనుకుంటారో ఆయనకు పట్టేది కాదు. మేనకోడలికి పట్టేది.

ఒకసారి తోటమాలిని పిలిపించి, నిన్న ఈ కొమ్మకు పదకొండు ముళ్ళుండేవని, ఇవాళ పదే ఉన్నాయని, పదకొండోది ఏమైందని నిలదీశాడు. తోటమాలి నెమ్మదైన మనిషి.

"నేను పట్టుకెళ్ళి ఏం చేసుకుంటాను మావయ్యా? ఇంట్లో నాకు సరిపడా ఉన్నాయి" అన్నాడు.

ఆ ముల్లు చివరికి మావయ్య చొక్కా చేతికే దొరికింది. దాన్ని జిగురుతో యథాస్థానంలో అతికించి, అప్పుడు గీశాడు.

ఇంత నిజం పట్టింపు ఉన్న మనిషి మచ్చ దగ్గరకొచ్చేసరికి మొండిఘటం అయిపోయేవాడు. డైరెక్టరు గారి కూతురి పెళ్ళికి శుభలేఖ మీద గులాబీ గీసిపెట్టమని అడిగారు. గీసిచ్చాడు. చూసిన ప్రతివాళ్ళూ ఆహా అన్నారు. అచ్చయి వచ్చాక వియ్యపురాలు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఆకు మీద ఇదేమిటండీ?" అంది. తెగులని చెప్పలేక డైరెక్టరు గారు అచ్చు యంత్రం మీద నెపం వేశారు. పక్కనే ఉన్న మావయ్య ఊరుకోవచ్చుగా? "యంత్రం తప్పేం లేదమ్మా. అది తెగులే. నేనే గీశాను" అని ఆవిడను ఊరడించాడు. శుభలేఖలు పంచే పని చూస్తున్న మేనకోడలు చేతుల్లో కట్టలతోనే చెవులు మూసుకుంది.

తోటమాలికి ఆపరేషన్ అయినప్పుడు త్వరగా కోలుకోవాలని మావయ్య ఒక కార్డు గీసి పట్టుకెళ్ళాడు. పసుపు గులాబీ, మూడు మొగ్గలు, ఒక తెగులు ఆకు. తోటమాలి దాన్ని మంచం పక్కన బల్ల మీద పెట్టుకుని వారం రోజులు చూశాడు. "మొదట భయమేసింది గానీ, పోనుపోను దానికన్నా నేనే నయం అనిపించింది" అన్నాడు ఇంటికొచ్చాక.

ఒక సబ్బుల కంపెనీ వాళ్ళు పెట్టె మీదకు బొమ్మ కావాలని వచ్చారు. మచ్చ చూసి వెనక్కి పంపారు. సబ్బు రుద్దుకుంటే మచ్చలొస్తాయని జనం అనుకోరా అని వాళ్ళ బాధ. కావాలంటే మచ్చ ఉన్న బొమ్మ ఒకవైపు, సబ్బు ఒకవైపు వేసుకోమని, వాడకముందు, వాడిన తరవాత అని రాసుకోమని మావయ్య ఉపాయం చెప్పి పంపాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

అన్నిటికన్నా మేనకోడలిని కుంగదీసింది కేకు. ఆమెకు ప్రమోషన్ వచ్చిన రోజున అందరూ కలిసి కేకు తెప్పించారు. మధ్యలో క్రీముతో చేసిన గులాబీ, దానికి రెండు ఆకులు. ఆమె కత్తి పట్టుకునేలోగా మావయ్య లేచి, కాఫీ పొడి చిటికెడు తీసుకుని, ఒక ఆకు మీద జాగ్రత్తగా అద్ది, వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఆ ముక్క ఎవరూ తినలేదు. ఆయనే తిన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి తల్లి దగ్గర కూలబడి, నీ తమ్ముడితో ఒకే చోట ఉద్యోగం చేయడం నావల్ల కాదని ఏడ్చినంత పని చేసింది. తల్లి పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నోరు విప్పితే మూసేది కాదు. అలాంటిది ఈ ఒక్క విషయంలో మాత్రం, "ఎవరేమన్నా అననీ, నువ్వు మాత్రం వాణ్ణి ఏమీ అనకు" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయేది.

ఆ మచ్చ ఎందుకు గీస్తాడన్నది ఎవరికీ తెలియదు. కుర్రతనంలో ఎవరో అమ్మాయి గులాబీ విసిరికొట్టిందని కొందరు, ఆకుపచ్చ రంగు మిగిల్చుకోవడానికని కొందరు చెప్పుకునేవారు. ఎదురుగా అడిగితే ఆయన ఒకటే జవాబు. "ఉన్నదే గీస్తాను. లేనిది గీయడం నాకు చేతకాదు."

ఇలా ఉండగా డైరెక్టరు గారు తాను రిటైరయ్యేలోగా తోటలోని నూరు గులాబీల చిత్రాలతో ఒక పెద్ద పుస్తకం తేవాలని తలపెట్టారు. ఏడాదికి మూడు చొప్పున మావయ్య గీసినవి అప్పటికి తొంభై తొమ్మిది. నూరోది ఆ రంగు చిక్కని ఉత్తరపు గోడ గులాబీ. ముప్పై మూడేళ్ల పనంతా ఒక్క అట్టలోకి వస్తుంది. మావయ్యకు ఇంకో పుస్తకం రాదు, మేనకోడలికి ఇంతకన్నా పెద్ద పుస్తకం రాదు. ఆమె ఆర్నెల్లు కష్టపడి కాగితం ఎంచింది, అచ్చు నమూనాలు తెప్పించింది, రాత్రింబవళ్ళు అదే ధ్యాసగా తిరిగింది. మచ్చల సంగతి ఎవరూ ఎత్తకపోతే బాగుండునని మాత్రం లోలోపల గింజుకుంటూనే ఉంది.

ఎత్తారు. శాస్త్రపరంగా సరిచూడమని మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసిన ఒక డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ రోజంతా తలుపు వేసుకుని, భూతద్దంతో తొంభై తొమ్మిది పటాలూ చూసింది. మర్నాడు సమావేశంలో నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు చెప్పింది. పువ్వులు అద్భుతమంది. ఇంత నిజంగా గీసినవాళ్ళను తాను చూడలేదంది. ఇక మచ్చల దగ్గరకొచ్చింది. ఈ ముడతల ఆకుల జాతికి నల్లమచ్చ తెగులు ఇంచుమించు రాదని, దానికీ గీశారని ఒక పటం తీసి చూపించింది. అది పక్కన పెట్టినా, నల్లమచ్చకు అంచులు దూదిపింజ చిందినట్టు ఉంటాయి, చుట్టూ ఆకు పసుపెక్కుతుంది.

"వీటికి లోపల సుళ్ళు సుళ్ళుగా గీతలున్నాయి. తొంభై తొమ్మిదింటికీ ఒకటే కొలత. ప్రతి మచ్చకూ మధ్యలో ఒక ఏటవాలు చీలిక. లోకంలో ఏ బూజూ ఇలా పెరగదండీ. మీరు దేన్ని చూసి గీశారు?"

గదిలో అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన డాక్టరమ్మ వైపు ఎంతో గౌరవంగా చూశాడు. ముప్పై మూడేళ్లలో ఆ మచ్చను అంత శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆవిడే మరి.

"ఉన్నదే గీశానమ్మా" అన్నాడు.

డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. తోట పేరు మీద లేని తెగులును అచ్చు వేయలేనన్నారు. సోమవారంలోగా అన్ని ఆకుల మీదా మచ్చలు కప్పేస్తే పటాలు అచ్చుకు వెళతాయి, లేదంటే ఫొటోగ్రాఫరును పిలిచి ఫొటోలతోనే పుస్తకం వేస్తానన్నారు.

"అయితే ఫొటోలే వేసుకోండి" అన్నాడు మావయ్య.

మేనకోడలి చెవులు అప్పటికే నిప్పుకణికల్లా ఉన్నాయి. మావయ్య అలవాటు కొద్దీ తల వంచి, ఒక కన్ను మూశాడు. దాంతో ఆమెకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఆరు నెలల శ్రమ, ఇన్నేళ్ల తలవంపులు, కాఫీ పొడి, అన్నీ కలిసి ఒక్క మాటగా బయటపడ్డాయి.

"నీ మేనకోడలినని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది మావయ్యా. ఒక్కసారన్నా నన్ను తలెత్తుకోనీ."

మావయ్య మూసిన కన్ను తెరిచాడు. కుంచెలు జేబులో పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు. తలుపు దభాలున వేసినా బాగుండేది అనుకుంది ఆమె.

మాట అన్నందుకు బాధ ఉంది. కానీ పుస్తకం పోతుందన్న బెంగ దానికన్నా పెద్దదిగా ఉంది. ఆమె ఎవరికీ చెప్పకుండా మొదటి పది పటాలు అట్టల మధ్య పెట్టి ఇంటికి తెచ్చుకుంది. చిన్నప్పటి నుంచి మావయ్య పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్న పని ఆమెకూ కాస్త వచ్చు. ఎండిన నీటిరంగును తడి కుంచెతో నెమ్మదిగా నాననిచ్చి, అద్దుడు కాగితంతో పీల్చేస్తే లేచొస్తుంది. తరవాత ఆకుపచ్చ వేసేయవచ్చు. మావయ్యకు చెప్పకుండా చేస్తే ఆయన మొండితనమూ నిలుస్తుంది, పుస్తకమూ నిలుస్తుంది. తాను చేస్తున్నది మంచిపనేనని తనకు తానే మూడుసార్లు చెప్పుకుంది. ఒక్కసారి చెప్పుకుంటే చాలకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, మొదటి పటం పెట్టుకుంది. లేత గులాబీ రంగు తీగ గులాబీ. మావయ్య ఈ ఉద్యోగానికి పరీక్షగా గీసిచ్చింది అదే. ఆకు మీది మచ్చను తడిపింది. నలుపు కదిలింది. అద్దింది. మళ్ళీ తడిపింది. నాలుగోసారికి నలుపంతా అద్దుడు కాగితంలోకి వచ్చేసింది.

కింద ఆకుపచ్చ లేదు. ఊదారంగు ఉంది. ఎంత అద్దినా అది కదల్లేదు. భూతద్దం పెట్టి చూసింది. సుళ్ళు సుళ్ళుగా సన్నటి గీతలు. మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లటి చీలిక.

రెండో పటం తీసి చూసింది. అవే గీతలు, నల్లరంగుతో, ఒక్క వెంట్రుక మందం కుంచెతో గీసినవి. మూడో పటం. నాలుగోది. అవే సుళ్ళు, అదే చీలిక.

ఆమె కుడిచేతి బొటనవేలి మీద ఒక గీత ఉంది. ఆరేళ్లప్పుడు మావయ్య పెన్సిల్ చెక్కుకునే బ్లేడు పట్టుకుంటే తెగింది. ఏటవాలుగా.

ఆమె వేలిని చూసింది. పటాన్ని చూసింది. భూతద్దం బల్ల మీద పెట్టేసింది. గదిలో ఎవరూ లేరు, అయినా చెవులు భగ్గుమన్నాయి.

తల్లి టీ కప్పుతో వచ్చింది. బల్ల మీద ఊదారంగు చూసి కప్పు కింద పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొత్తానికి దొరికావు" అంది. ముప్పై మూడేళ్లయిందని, తాను ఏ రహస్యాన్నీ ఇంతకాలం మోయలేదని, తమ్ముడు ఒట్టు వేయించుకోబట్టి గానీ ఎప్పుడో కక్కేసేదాన్నని చెబుతూ, ఆగకుండా చెప్పేసింది.

ఏడేళ్లప్పుడు ఈ పిల్లకు ముద్రల పిచ్చి. పార్సిళ్ళ మీద ముద్రలేసే ఊదా ఇంకు ప్యాడ్ పాతదొకటి ఇంట్లో ఉండేది. ఉతికినా పోని ఇంకు. తలుపుల మీద, దిండు గలీబుల మీద, పక్కింటి పిల్లి చెవి మీద కూడా బొటనవేలి ముద్రలే. మావయ్య పదకొండు రోజులు కూర్చుని గీసిన గులాబీ బల్ల మీద ఆరుతోంది. మర్నాడు దాన్ని పరీక్షకు ఇవ్వాలి. పువ్వు అప్పటికే రాలిపోయింది, మళ్ళీ గీద్దామన్నా వచ్చే ఏడాది దాకా పూయదు. పిల్ల దానికి కూడా ముద్ర వేసింది. వేశాక మావయ్య ముఖం చూసింది. అంతే, వేలిని గుప్పిట్లో దాచుకుని మంచం కిందకు దూరిపోయింది. అన్నానికి పిలిచినా రాలేదు. తిట్టినా రాలేదు. ఈ వేలు వద్దు, తీసేయండి అని ఒకటే ఏడుపు.

అంత పొడుగు మనిషీ ఒళ్ళు మడుచుకుని మంచం కిందకు పాకాడట. నువ్వేం చేయలేదు తల్లీ, ఆ ఆకుకి తెగులొచ్చింది, గులాబీలకు మామూలే అన్నాడట. పిల్ల నమ్మలేదు. అన్ని గులాబీలకూ వస్తుందా అని అడిగింది. అన్నిటికీ వస్తుందన్నాడు. అయితే చూస్తానంది. ఆ సాయంత్రమే ముద్ర గీతల వెంటే నలుపు దిద్ది తెగులుగా మార్చాడు. పరీక్ష పెట్టినాయన దాన్ని చూసి, తెగులును కూడా దాచకుండా గీశాడు, ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదని అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు. మనిషి జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధానికి నిజాయితీపరుడని పేరొచ్చింది.

"ఆ తరవాత వాడు ఏ పువ్వు గీసినా నువ్వు పరిగెత్తుకెళ్ళేదానివి. దీనికీ వచ్చిందా మావయ్యా అని. వచ్చిందమ్మా అని చూపించేవాడు. ఓ పది బొమ్మలయ్యాక నువ్వు మరిచిపోయావు. వాడు ఆపలేదు."

"ఎందుకు ఆపలేదు?"

"నేనూ అడిగాను. ఏమన్నాడో తెలుసా? ఎప్పుడో ఒకనాడు గుర్తొచ్చి వెతుక్కుంటుందక్కా, ఒక్కదానికే మచ్చ ఉంటే అది దాని తప్పవుతుంది, అన్నిటికీ ఉంటే నా పిచ్చి అవుతుంది అన్నాడు."

మేనకోడలు టీ తాగలేదు. కేకు ముక్క గుర్తొచ్చింది. ఆ రోజు పదిమందిలో ఆయన ఒక్కడే దాన్ని తినడం గుర్తొచ్చింది. శుభలేఖలు, సబ్బుల పెట్టె, నిన్న తాను అన్న మాట, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఏడేళ్లప్పుడైతే మంచం కిందకు దూరేది. ఇప్పుడు పట్టదు. పటాన్ని అట్టల మధ్య పెట్టుకుని బయల్దేరింది.

మావయ్య తన గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా సీసాలో ఉత్తరపు గోడ గులాబీ, కాగితం మీద పెన్సిల్ గీతలు, పళ్ళెంలో ఏడు రకాల ఓడిపోయిన ఎరుపులు. ఫొటోలు వేసుకోమని చెప్పి వచ్చినా చేతులు ఊరుకోలేదు.

ఆమె పటం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వంగి చూశాడు.

"ఊదా ఇంకా అలాగే ఉందే" అన్నాడు. "నేను చూసి ముప్పై మూడేళ్లయింది. ఏం వెలిసిపోలేదు. మంచి ఇంకు."

"నేను చెరిపేద్దామనుకున్నాను మావయ్యా. నీకు చెప్పకుండా. అన్నీ కప్పేద్దామనుకున్నాను."

"రంగు బాగా లేపావు. కాగితం చెదరలేదు. చెయ్యి కుదిరింది నీకు."

"నన్ను తిట్టు మావయ్యా."

"దేనికి?"

"నీ వల్ల సిగ్గుపడ్డాను. ఇన్నేళ్లూ. నిన్న పైకే అన్నాను. నా వేలును నువ్వు ఊరంతటికీ నీ పిచ్చి అని చెప్పుకు తిరిగావు, నేనేమో…"

చెవులు, చెవుల నుంచి మెడ, మెడ నుంచి నుదురు, ఆమె నలభై ఏళ్ల జీవితంలో ఎన్నడూ ఎర్రబడనంతగా ఎర్రబడ్డాయి. జుట్టు లాక్కుని కప్పుకోబోయింది.

"కదలకు" అన్నాడు మావయ్య.

ఆయన చేయి అప్పటికే పళ్ళెంలో ఉంది. ఒక ఎరుపులో కుంచె మొన ముంచి, ఇంకో ఎరుపుకు తాకించి, నీటిలో ఒక్కసారి ఆడించి, ఆమె చెవి వైపు, కాగితం వైపు, చెవి వైపు చూస్తూ ఒక రేకు నింపాడు. సీసాలోని పువ్వు పక్కన పెట్టి చూశాడు. పువ్వుకూ కాగితానికీ తేడా లేదు.

"ఇన్నేళ్లు నిన్ను సిగ్గుపెట్టింది ఊరికే పోలేదు. ఇంకాస్త సిగ్గుపడు తల్లీ, ఇంకా ముప్పై రేకులున్నాయి" అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వగానే రంగు తగ్గిపోతోందని ఆయన కసిరాడు. అప్పుడామె కేకును తలుచుకుంది. అది తలుచుకుంటే చాలు, మిగిలిన రేకులకు సరిపడా రంగు వచ్చింది.

సోమవారం సమావేశంలో మేనకోడలే ముందు లేచింది. ఆ తెగులు మావయ్యది కాదని, తనదని చెప్పి, మొదటి పటం పక్కన తన బొటనవేలు పెట్టింది. జరిగిందంతా చెప్పింది. జుట్టు చెవుల మీదకు లాక్కోలేదు. డైరెక్టరు గారు అయోమయంగా డాక్టరమ్మ వైపు చూశారు. డాక్టరమ్మ భూతద్దం తీసి, ఆమె చేయి పట్టుకుని, వేలిని చూసింది, పటాలను చూసింది, మళ్ళీ వేలిని చూసింది. తన వృత్తిలో ఒక తెగులు తానే నడిచొచ్చి ఒప్పుకోవడం ఇదే మొదటిసారంది.

"సారీ అండీ," అంది మావయ్యతో. "మీరు ఉన్నదే గీశారు. ఏ మొక్క మీద ఉందో చెప్పలేదు, అంతే."

ఏ మొక్కదో పుస్తకంలో చెప్పేస్తే శాస్త్రానికి అభ్యంతరం లేదని ఆవిడే తేల్చింది. మొదటి పటాన్ని ఊదారంగుతో అలాగే వేయమంది. డైరెక్టరు గారు, తన కూతురి శుభలేఖ మీద ఉన్నది కూడా ఈ అమ్మాయి వేలేనా అని అడిగి, అవునని విని, వియ్యపురాలికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచనలోనే సంతకం పెట్టేశారు.

పుస్తకం వచ్చింది. ముందు పేజీల్లో తప్పొప్పుల పట్టిక ఒకటి ఉంది. సంపాదకురాలు స్వయంగా రాసింది. అందులో ఒకే ఒక్క తప్పు. "ఈ పుస్తకంలోని గులాబీలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఆకుల మీద కనిపించే మచ్చ సంపాదకురాలిది. ఒప్పుగా చదువుకోగలరు."

అంతకుముందు, పటాలు అచ్చుకు వెళ్ళేటప్పుడు ఒక్క పని మిగిలి ఉంది. నూరో పటం అంతా పూర్తయింది, మచ్చ తప్ప. మావయ్య కుంచె తీయలేదు. బల్ల సొరుగులోంచి రేకుడబ్బా ఒకటి తీసి మూత తెరిచాడు. పాత ఊదా ప్యాడ్. కొత్త ఇంకు పోసి సిద్ధంగా ఉంచాడు.

"ఈసారి నువ్వే వెయ్యి" అన్నాడు.

ఆమె వేలిని ప్యాడ్‌కు అద్ది, ఊపిరి బిగబట్టి, ఆకు మీద నొక్కి తీసింది. నలభై ఏళ్ల బొటనవేలు. ఆకులో సగం మాయమైంది.

ఆమె మెల్లిగా తలెత్తి మావయ్య వైపు చూసింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, ఆ ఊదా మచ్చను చాలాసేపు పరీక్షగా చూశాడు.

"బాగా ముదిరిందే" అన్నాడు.